పాత స్టార్ ట్రెక్‌లో అన్నిటికన్నా చెత్త ఎపిసోడ్ ఏది?

పెన్నగట్టు: అమెరికా వాళ్ళ అంతరిక్ష సీరియల్ పాత స్టార్ ట్రెక్ (1966–69) మళ్ళీ మొదట్నుంచి చూస్తా ఉండా. మొత్తం 79 ఎపిసోడ్లు. గొప్పది ఏదో తేల్చే పనే లేదు: 1967లో వచ్చిన ‘ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’. అంతరిక్ష ఓడ కెప్టెన్ కిర్క్ 1930 నాటి న్యూయార్కుకి పోయి ఒకామెను ప్రేమిస్తాడు. ఆమె బతికితే చరిత్రే తారుమారవుతుంది. బండి కింద పడబోతున్న ఆమెను కాపాడబోయిన తన ఓడ డాక్టర్ని పట్టుకుని ఆపేస్తాడు. సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు ఊరికే ఇవ్వలా. చెత్తలో మొదటిది 1968 నాటి ‘స్పాక్స్ బ్రెయిన్’. కాదనేవాళ్ళు ఉండారా?

కందుకూరు_గిత్త: నేనుండా. స్పాక్స్ బ్రెయిన్ బ్రహ్మాండమైన ఎపిసోడ్.

మైపాడు_అల: బొరుగులు తెచ్చుకుంటా, ఆగండి.

పెన్నగట్టు: అన్నా, ఒకామె వచ్చి కిర్క్ కింద పనిచేసే స్పాక్ మెదడు ఎత్తుకుపోద్ది. మెదడు తీసినా తల మీద జుట్టు ఒక్కటి చెదరలా! దువ్వినట్టే ఉంది. దీన్ని ఎట్టా సమర్థిస్తావు?

కందుకూరు_గిత్త: మనిషిని ఓడలో మాయం చేసి ఇంకో గ్రహం మీద దించేవాళ్ళకి జుట్టు ఒక లెక్కా తమ్ముడూ?

పెన్నగట్టు: లెక్కే. మా నాయనకి నెల్లూర్లో తలకి ఆపరేషన్ చేయించా. ముందు గుండు కొట్టారు. దానికి విడిగా బిల్లేశారు. తల తెరవడం అంటే ఏందో నాకు తెలుసు.

చేపలపులుసు: గుండుకి ఎంత వేశారన్నా?

పెన్నగట్టు: అది కాదబ్బా ఇప్పుడు విషయం. 350.

ఉదయగిరి_కోట: మీ ఇద్దరూ 1989లో తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్ నెక్స్ట్ జనరేషన్‌లో వచ్చిన ‘షేడ్స్ ఆఫ్ గ్రే’ చూళ్ళేదు. అందులో ఆఫీసరు రైకర్‌ని మంచాన పడేసి పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించారు. అంతకంటే చెత్త ఉందా?

కందుకూరు_గిత్త: అది ఎపిసోడ్ కాదు సామీ. రాత్రి మిగిలిన కూరలన్నీ ఒకే గిన్నెలో ఏసి ఎచ్చబెట్టడం.

పెన్నగట్టు: మాట మార్చొద్దు. సిటీ ఎపిసోడ్ గొప్పతనం తెలియాలంటే డైలాగులు ఓపిగ్గా వినాలన్నా. బొమ్మలు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళకి స్పాక్స్ బ్రెయినే నచ్చుద్ది.

మైపాడు_అల: అయిపోయింది.

కందుకూరు_గిత్త: బొమ్మలు చూసేవాణ్ణే. ఎనభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్లో వచ్చేది. మా ఇంట్లో టీవీ లేదు. మేష్టారి ఇంటి వరండాలో కిటికీ చువ్వలు పట్టుకుని పదిమందిమి నిలబడేవాళ్ళం. మేష్టారి కొడుకు కాన్వెంటు. వాడు నవ్వితే మేమూ నవ్వేవాళ్ళం, ఎందుకో తెలియదు. వాడు ‘ష్’ అంటే నోరు మూసేవాళ్ళం. నీ సిటీలో ఇద్దరు నిలబడి మాట్లాడతానే ఉంటారు. కడాకి ఆమె చచ్చిపోయింది. వీడే ఎందుకు చావనిచ్చాడో నాకు ఇరవై ఏళ్ళ తర్వాత సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే తెలిసింది. స్పాక్స్ బ్రెయిన్ అట్టా కాదు. డాక్టరు చేతిలో డబ్బా మీద బొత్తం నొక్కితే స్పాక్ నడుస్తాడు, ఇంకోటి నొక్కితే ఆగుతాడు. ఆ రోజు మేష్టారి కొడుకు కంటే ముందు నవ్వినోణ్ణి నేనే.

చేపలపులుసు: ఇంతకీ కందుకూరు నెల్లూరు జిల్లానా ప్రకాశమా? 2022లో మార్చారు గదా?

ఉదయగిరి_కోట: నువ్వు పోయి పులుసు సంగతి చూడు.

పెన్నగట్టు: నేను కాన్వెంటులోనే చదివాన్లే. అయినా అన్నా, నీకు అర్థమైనంత మాత్రాన అది మంచిదైపోదు గదా.

కందుకూరు_గిత్త: నాకు అర్థంకాని దాన్ని నేను చెత్త అన్లేదు. మొదటి పోస్టు చూసుకో. నాకు అర్థమైన ఒక్కదాన్ని నువ్వు చెత్త అన్నావు.

పెన్నగట్టు: సరే, ఒకటి అడుగుతా. కడాన ఆపరేషన్ మధ్యలో ఎట్టా కుట్టాలో డాక్టరు మర్చిపోతాడు. స్పాక్‌కి నోరు వచ్చేలా చేస్తే పడుకున్న చోటు నుంచే మిగతాది చెప్తాడు. అదంతా ఇంగ్లీషే. నీకు ఎట్టా తెలిసింది?

కందుకూరు_గిత్త: ఎట్టా ఏంది? డాక్టరు మొహంలో చెమట, ఇతని నోట్లో మాట. తన తల తనే కుట్టించుకుంటుండాడని చిన్నపిల్లోడికైనా తెలుస్తది.

చేపలపులుసు: అదీ గుండు బిల్లు లేకుండా.