అప్‌డేట్: బ్యాండ్ మానేశాను

బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగు కుర్రాళ్ల బ్యాండ్‌లో ఉండాలా, మానేయాలా అని పోయిన నెల అడిగాను కదా. మానేశాను.

మొన్న శనివారం ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో గంటన్నర ఈదుకుంటూ బేస్ గిటార్ మోసుకెళ్తే, ప్రాక్టీసు చేసే జామ్ రూమ్‌లో నేనొక్కణ్ణే. అద్దె మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది. డ్రమ్మర్ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. నిమిషానికి 90 బీట్లతో ఎత్తుకున్న పాట చివరికొచ్చేసరికి 110 దాటింది. వేగం తప్పకుండా టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుందాంరా అంటే, "ఫీల్ పోద్ది మామా" అన్నాడు.

గ్రూపులో మెసేజ్ పెట్టలేదు. కింద టీ కొట్టు దగ్గర ముఖం మీదే చెప్పేశాను. సింగర్ అలిగాడు. కీబోర్డు వాడు మెల్లగా పక్కకొచ్చి "నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు. ఇన్నాళ్లూ నోరెత్తలేదు మహానుభావుడు!

అడ్వాన్స్ తీసుకున్న పెళ్లి సంగీత్ ఒకటుంది, అది వాయించేసి వస్తా. నా గిటార్ యాంప్లిఫయర్ ఇంకా డ్రమ్మర్ ఇంట్లోనే ఉంది.