సీసాలో ఇసుక రేణువులు ఎన్నో తూకం వేసి చెప్పొచ్చా?

తిరుపతి అమ్మ:
మా బాబు ఎనిమిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి స్వర్ణముఖి ఇసుక సీసాలో పోసి, అందులో ఎన్ని రేణువులున్నాయో చెబుతానంటున్నాడు. కొన్నింటిని లెక్కపెట్టి, తూచి, ఒక్కో రేణువు సగటు బరువు కట్టి, మొత్తం తూకాన్ని దాంతో భాగిస్తాడట. వాళ్ళ నాన్న "అది లెక్క కాదు, ఊహ" అంటున్నారు. మీరేమంటారు?

చిత్తూరు రైతు:
ఊహ ఎట్లవుతుందక్కా? విత్తన పరీక్షల్లో ఎప్పుడూ చేసే పనే. వంద గింజల చొప్పున ఎనిమిది సార్లు లెక్కపెట్టి, విడివిడిగా తూచి, వెయ్యి గింజల బరువు కడతారు. మన రాగులు వెయ్యికి రెండున్నర, మూడు గ్రాములు తూగుతాయి. అంటే కిలోకి మూడు, నాలుగు లక్షల మధ్య.

నాణేల సేకరణ:
రాగులు కాస్త అటూ ఇటుగా ఒకే సైజు అన్నా, ఇసుక అట్లా కాదు. రూపాయి బిళ్ళలే చూడండి. 1992లో వచ్చిన స్టీలు బిళ్ళ 4.85 గ్రాములు, 2011లో వచ్చింది 3.79. రెండూ కలిసిన మూటను తూచి ఎన్నో చెప్పగలరా? తిరుమల పరకామణిలోనూ ముందు నాణేలను రకాలుగా వేరు చేస్తారు. ఇసుకను ఎవరు వేరు చేస్తారు?

లెక్కల టీచరు:
వేరు చేయనక్కర్లేదు సార్. మూటలో ఏ పాళ్ళలో కలిసున్నాయో, మనం తీసే గుప్పెడులోనూ అదే పాళ్ళలో ఉంటే చాలు. చిక్కంతా ఆ గుప్పెడు తీయడంలోనే ఉంది. సీసాను కదిలిస్తే సన్నది సందుల్లోంచి కిందికి జారి, ముతకది పైకి వస్తుంది. పైనుంచి చెంచాడు తీస్తే ముతకే ఎక్కువ పడి, మొత్తం లెక్క తగ్గిపోతుంది. అందుకే కాగితం మీద కుప్ప పోసి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు రెండు పాళ్ళే ఉంచుకుని మళ్ళీ కలపాలి. చిటికెడు మిగిలేదాకా ఇదే.

బాబుకు ఇంకో మాట చెప్పండమ్మా: సూక్ష్మదర్శినిలో సగటు వ్యాసం కొలిచి, దాన్నుంచి బరువు కట్టొద్దు. సగం రేణువులు 0.25 మిల్లీమీటర్లు, సగం 0.75 అనుకుందాం. సగటు 0.5. కానీ బరువు వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆ సగటుతో లెక్కేస్తే అసలు సంఖ్యకు 1.75 రెట్లు వస్తుంది. లెక్కపెట్టి తూస్తే ఈ తప్పు రాదు. తూకమే మేలని నేను గట్టిగా అనేది ఇందుకే.

చిత్తూరు రైతు:
మరి ఏ కాటా మీద తూచాలి సార్?

లెక్కల టీచరు:
వంటింటి కాటా పనికిరాదు. అర మిల్లీమీటరు క్వార్ట్జ్ (ఇసుకలో మామూలుగా ఉండే ఖనిజం) రేణువు 0.17 మిల్లీగ్రాములే ఉంటుంది. వంద తూచినా 17. మిల్లీగ్రాము దాకా చూపే నగల షాపు కాటా మీద కూడా ఒక్క అంకె తేడా వస్తే ఆరు శాతం పోయినట్టే. వెయ్యి లెక్కపెట్టమనండి, తేడా అర శాతం దగ్గరకు వస్తుంది. ఇసుకను ముందు బాగా ఎండబెట్టాలి, లేకపోతే తడి బరువు కూడా రేణువుల బరువులో కలిసిపోతుంది.

నాణేల సేకరణ:
పాళ్ళ మాట ఒప్పుకుంటున్నా సార్. కానీ ఒక్క చిటికెడుతో ఆపితే ఒప్పుకోను. నాలుగైదు చిటికెలు విడివిడిగా తీసి, ఎంతెంత వచ్చిందో అన్నీ చార్టు మీద రాయాలి. ఒకే అంకె రాస్తే అది వాళ్ళ నాన్న అన్నట్టు ఊహే.

తిరుపతి అమ్మ:
వెయ్యి రేణువులు నాలుగైదు సార్లా! వాళ్ళ నాన్నను కూడా కూర్చోబెడతా. ఇసుక ఇప్పుడే మిద్దె మీద ఆరబోశాం.