పిల్లల కామిక్ విడుదల, వైజాగ్‌లో: సైజు, అక్షరాలు, అచ్చు, ఆవిష్కరణ – తెలిసినవాళ్ళు చెప్పండి

అలలగీత
నమస్కారం అండీ. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ మీద 6–9 ఏళ్ళ పిల్లలకి తెలుగు కామిక్ తయారవుతోంది. లోపల 32 పేజీలు, అట్ట వేరే, అంతా రంగుల్లో, 1000 కాపీలు. బొమ్మలు ఏ4 కాగితం మీద గీశాం, రంగులు సగం అయ్యాయి. నవంబర్ 14న ఇక్కడే ఆవిష్కరణ అనుకుంటున్నాం. సైజు, కాగితం, ఫాంటు ఇంకా తేలలేదు. ముందు ఏది తేల్చుకోవాలి?

డబుల్‌క్రౌన్
ముందు సైజండీ. మిగతావన్నీ దాని వెనకే. 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ షీటులో క్రౌన్ 1/4 పేజీలు (కత్తిరించకముందు 7.5×10 అంగుళాలు) ఒక వైపు 8, రెండు వైపులా 16 పడతాయి. మీ 32 పేజీలంటే కాపీకి సరిగ్గా రెండు షీట్లు. 1000 కాపీలకి 2000 షీట్లు, నాలుగు రీములు. రంగులు కుదిరేదాకా పోయే తరుగుకి ఇంకో 200 అయినా కలపండి. ప్లేట్లు (షీటు ఒక్కో వైపుకీ, ఒక్కో రంగుకీ ఒకటి చొప్పున) లోపలికి 16, అట్టకి 4 (అట్ట లోపలివైపు కూడా రంగులుంటే 8). 300 కాపీలు వేసినా 1000 వేసినా ఆ ప్లేట్ల ఖర్చు మారదు. అందుకే రెండు మూడు వందల లోపైతే ప్లేట్లు లేని డిజిటల్ అచ్చు, మీ లెక్కకి ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్.

కత్తిరించాక 7.25×9.5 అంటారు. బొమ్మ అంచుదాకా వెళ్ళే పేజీలుంటే అది ఇరుకు. ఎత్తులో రెండు పేజీలు 19 అంగుళాలు, నాలుగు అంచులకీ 3 మి.మీ. చొప్పున బ్లీడు (కత్తిరించే గీత దాటి పొడిగించే బొమ్మ), మెషీను గ్రిప్పర్ షీటుని పట్టుకోడానికి ఒక సెంటీమీటరు కలిపితే 19.9 దాకా పోతుంది, షీటేమో 20. కొంచెం జరిగినా తెల్ల గీత బయటపడుతుంది. ఎత్తు 9.25 పెట్టుకోండి.

అలలగీత
ఏ4 బొమ్మ ఆ కొలతకి సరిపోదు కదా అండీ, సాగదియ్యాలా?

డబుల్‌క్రౌన్
సాగదీస్తే తాబేలు బొండంలా అవుతుంది, వద్దు. బొమ్మ ఎత్తుని 8.5 అంగుళాలకి దించండి, వెడల్పు 6 వస్తుంది. పైనా కిందా 9 మి.మీ., పక్కలకి 15 మి.మీ. తెలుపు మిగులుతుంది. ఫ్రేముల పేజీలకి అది చాలు. నిండు పేజీ బొమ్మలు మాత్రం పక్కలకి ఇసుకో ఆకాశమో పెంచి మళ్ళీ గియ్యాల్సిందే. ఇంకొకటి, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో లోపలి పేజీలు ఒకటి రెండు మి.మీ. బయటికి తోసుకొస్తాయి. 15, 16, 17, 18 పేజీల్లో అంచు దగ్గర మాటలు పెట్టొద్దు, కటింగులో పోతాయి.

వత్తుపొల్లు
ఇక్కడే అక్షరాల చిక్కు మొదలవుతుంది. ఏ4ని 8.5 ఎత్తుకి దించడమంటే 73 శాతానికి దించడం. బొమ్మ మీదే 14 పాయింట్లలో మాటలు రాసి ఉంటే పుస్తకంలో 10 అవుతాయి. ఏడేళ్ళ పిల్లకి అది చీమల బారే. మాటలన్నీ తీసేసి, బొమ్మ చివరి సైజుకి వచ్చాక కొత్తగా పెట్టండి. 14 పాయింట్ల అక్షరం, వరసకీ వరసకీ 21.

21 ఎందుకో ఒక మాట వేసి చూస్తే తెలుస్తుంది. పై వరసలో ‘రాష్ట్రం’, సరిగ్గా దాని కింద ‘తీసింది’ పడిందనుకోండి. ష కింద ట వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు, కింద తీ మీద గుడి దీర్ఘం. ఇంగ్లిష్ కొలతలో 17 పెడితే ఆ మూడూ ఒక నల్ల ముద్ద. పెద్దవాళ్ళం అలవాటు కొద్దీ చదివేస్తాం, అప్పుడే వత్తులు నేర్చుకుంటున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది.

ఫాంటుకి మండలి బాగుంటుంది, ఉచిత లైసెన్సు. శబ్దాలకి రామభద్ర లాంటి లావు అక్షరం. ఫోటోషాప్, ఇన్‌డిజైన్‌లలో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజన్, వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ‘స్త్రీ’ కాస్తా స్‌, త్‌, రీ అని విడిపోతుంది. ఇంక్‌స్కేప్‌లో ఆ బాధ లేదు. ప్రెస్‌లో అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత రకం) మారుస్తామంటే ఒప్పుకోకండి. మార్చేటప్పుడు అరసున్నలు, పొల్లులు ఎగిరిపోతాయి, మళ్ళీ ప్రూఫు మొదటికొస్తుంది. అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. మార్చకముందు ఫైలు ఒకటి దాచుకోండి, తప్పు దొరికితే దిద్దాల్సింది దాన్లోనే.

బుడగకి పన్నెండు మాటలు మించనివ్వకండి. ‘వెళ్ళిపోతున్నాయనుకున్నాను’ లాంటి మాట సన్న బుడగలో పట్టదు, విరిస్తే చదవలేరు. ‘వెళ్ళిపోతున్నాయేమో!’ చాలు.

చేపలరేవు
మాటల గురించే ఇంకొకటి. కథ ఇక్కడి తీరంలో జరుగుతోంది కదా, పిల్లలు, వలలు లాగే తాతలు ‘ఏమిటి చేస్తున్నావు’ అనరు. ‘ఏటి సేత్తన్నావు’, ‘ఒలమ్మో’ అంటారు. మాటల్లో మన యాస ఉంచండి, కథ చెప్పే పెట్టెల్లో మామూలు తెలుగు. రెండూ పక్కపక్కనే ఉంటే ఏ ఊరి పిల్లలకైనా అర్థమవుతుంది.

బొమ్మల్లో తరచూ జరిగే తప్పులు: తల్లి తాబేలు పిల్లల్ని వెంటేసుకుని నడుస్తున్నట్టు గీస్తారు. అది గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఆ రాత్రే సముద్రంలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ చూడదు. గుంటకి సుమారు 100 గుడ్లు, 45–60 రోజులకి పిల్లలు. పిల్లలు ఆకుపచ్చ కాదు, ముదురు బూడిద రంగు, నాలుగు సెంటీమీటర్లు. సముద్రపు తాబేలు తల డిప్పలోకి ముడుచుకోలేదు, ఆ ఫ్రేముంటే తీసెయ్యండి. పిల్లలు వెలుతురున్న దిక్కుకి పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపుంటుంది, బీచ్ రోడ్డులో దీపాల వైపు. మీ కథకి అసలు ముడి అక్కడే ఉంది, దాన్ని రెండు నిండు పేజీల్లో చూపించండి.

అలలగీత
తల ముడుచుకునే ఫ్రేములు రెండున్నాయి, తీసేస్తున్నాం. రాత్రి సముద్రం నీలం స్క్రీను మీద వెలిగిపోతోంది, టెస్ట్ ప్రింటులో ఊదా రంగొచ్చింది. ఎందుకు?

మెజెంటా
అచ్చు నాలుగు ఇంకులతో (సీఎంవైకే: సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు) జరుగుతుంది. మీ నీలంలో సయాన్ 100 శాతం, మెజెంటా కూడా 90కి దగ్గర్లో ఉండుంటుంది. మెజెంటా ఎప్పుడూ సయాన్ కంటే కనీసం 30 తక్కువుండాలి. రాత్రి సముద్రానికి సయాన్ 100, మెజెంటా 60, నలుపు 30తో మొదలుపెట్టి చూడండి. స్క్రీను మీద మెరిసే నీలాలు, చిలకపచ్చలు సీఎంవైకేలో పుట్టవు. కాబట్టి మిగిలిన సగం పేజీలకి ఇప్పుడే సీఎంవైకేలోకి మారి రంగులెయ్యండి.

మాటలు నలుపు 100 ఒక్కటే, మిగతా మూడూ సున్నా. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ప్రతి అక్షరానికీ ఎర్ర నీడ వస్తుంది.

లోపలికి 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని తెల్ల కాగితం, నా ఓటు. రంగు కొంచెం పీల్చుకుంటుంది గానీ ట్యూబ్‌లైటు కింద మెరవదు, పిల్లలు దాని మీద పెన్సిల్‌తో రాసుకోవచ్చు. 70 జీఎస్‌ఎంలో వెనక పేజీ బొమ్మ కనిపిస్తుంది. మ్యాప్‌లిథో మీద నాలుగు ఇంకుల మొత్తం 260 శాతం దాటనివ్వకండి, దాటితే ఆరదు.

అట్ట 250 ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్ అంటారు, కానీ మన ఊరి గాలితో జాగ్రత్త. కాగితం తేమ పీల్చి సాగుతుంది, పైనున్న ప్లాస్టిక్ పొర సాగదు, దాంతో అట్ట బయటికి వంకర తిరుగుతుంది. 300 తీసుకుని, కాగితం పీచు పిన్ను మడతకి సమాంతరంగా ఉండేలా అడగండి. వచ్చాక 50 చొప్పున పాలిథిన్‌లో చుట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి.

డబుల్‌క్రౌన్
300 అట్టతో కాపీ దాదాపు 100 గ్రాములు, మొత్తం క్వింటాలు. మోసుకెళ్ళే ఏర్పాటు చూసుకోండి. తేదీల సంగతి: అక్టోబర్, నవంబర్ నెలలు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్ 12న. చెమ్మలో ముదురు నీలం పేజీలకి రెండు రోజులైనా ఆరబెట్టాలి, తొందరపడి మడిస్తే ఎదుటి పేజీకి ఇంకు అంటుతుంది. పైగా నవంబర్ నుంచి ప్రెస్సులన్నీ క్యాలెండర్లతో నిండిపోతాయి. సెప్టెంబర్ ఆఖరుకి ఫైలిచ్చేస్తే 14కి నిశ్చింత.

పొత్తం
ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) ఇప్పుడే పెట్టండి. రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, రచయితే సొంతంగా వేసుకున్నా ఇస్తారు. బార్‌కోడు తెల్ల పెట్టెలో నల్ల గీతలుగా ఉండాలి, అల మీద నీలంలో వేస్తే స్కానరు చదవదు. ఒక్క పుస్తకమైతే పేరు నమోదు అక్కర్లేదు. మూడు నెలలకోసారి తెస్తామంటే అది పత్రిక, పీఆర్‌జీఐ (పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం) దగ్గర పేరు నమోదు చెయ్యాలి (2023 చట్టం, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది). మీ పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, గ్రంథాలయాలకి పుస్తకాలు పంపే చట్టం చెప్పిన మిగతా మూడు గ్రంథాలయాలకీ ఒక్కో కాపీ పంపాలి. వాటిల్లో చెన్నై కన్నెమరా కూడా ఉంది.

బడిగంట
నవంబర్ 14 మంచి రోజే. గ్రంథాలయ వారోత్సవాలు కూడా ఆ రోజు నుంచి 20 దాకా, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోట అడగొచ్చు. కానీ ఆ రోజు బళ్ళలో సొంత కార్యక్రమాలుంటాయి, పిల్లల్ని పంపరు. తర్వాత వచ్చే సెలవు రోజు పొద్దున పదిన్నరకి పెట్టండి. సాయంత్రం బీచ్ రోడ్డు మీద మాత్రం వద్దు, గాలికి స్టాండీలు నిలవవు.

ప్రసంగాలు రెండే, మూడేసి నిమిషాలు. తర్వాత ఆరు పేజీలు తెర మీద వేసి పిల్లల చేతే గొంతులు పెట్టించండి. ‘బుడుంగ్’, ‘సర్ర్’, ‘టిక్ టిక్’ అందరూ కలిసి. శబ్దాల మాటలకి విడి స్లయిడు ఉండాలి, లేకపోతే వెనక వరసకి కనపడవు. చివర అరగంట బుల్లి కామిక్: ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్ళు. పొడుగ్గా మడిచిన మధ్య గీత మీద నడిమి రెండు గళ్ళ మేర మాత్రమే కత్తిరించాలి, అంచుదాకా కోస్తే రెండు ముక్కలే. మళ్ళీ పొడుగ్గా మడిచి, రెండు చివర్లూ లోపలికి నెట్టి ముడిస్తే ఎనిమిది పేజీల పుస్తకం. 60 మందికి 80 కాగితాలు, క్రేయాన్లు. స్కెచ్ పెన్నులు వెనక్కి దిగుతాయి.

అలలగీత
అందరికీ ధన్యవాదాలు అండీ. ఎత్తు 9.25, మ్యాప్‌లిథో 100, అక్షరాలు మళ్ళీ మొదట్నించి. పుస్తకాల షాపుకి కమీషన్ ఎంత పెట్టుకోవాలి?

పొత్తం
30–40 శాతం అడుగుతారు. కాపీకి పడిన ఖర్చుకి మూడింతల వెల లేకపోతే అది ఇచ్చాక పెద్దగా ఏమీ మిగలదు. పుస్తకం మీద జీఎస్టీ లేదు, ప్రెస్ బిల్లులో ఉంటుంది, అది ఖర్చులో కలుపుకోండి. వెల అట్ట మీద అచ్చు వేసేముందు ఈ లెక్క చేసుకోవాలి, తర్వాత స్టిక్కరు అంటిస్తే లామినేషన్ మీద నిలవదు.