తొడ కండకు స్టిమ్యులేషన్: పదిసార్లు లేచాక కాలు ఆగిపోతోంది, కరెంటు పెంచాలా?

నాగోల్_తమ్ముడు
అందరికీ నమస్తే. మా అన్నయ్యకు డీ8 (ఛాతీ వెనక ఎనిమిదో నంబరు) దగ్గర వెన్నుపాము దెబ్బ, కంప్లీట్, అంటే కింద కదలికా స్పర్శా లేవు, 14 నెలలైంది. రెండు చానళ్ల స్టిమ్యులేటర్ (ప్యాడ్ల ద్వారా కరెంటు ఇచ్చి కండను కదిలించే మెషిన్) తొడ ముందు కండకు పెడుతున్నాం. 50 హెర్ట్జ్ (సెకనుకి 50 పల్సులు), పల్స్ పొడుగు 300 మైక్రోసెకన్లు, 60 మిల్లీయాంప్స్, 5 సెకన్లు ఆన్, 5 సెకన్లు ఆఫ్. మొదటి పదిసార్లు మోకాలు చక్కగా చాపుతోంది. తర్వాత కండ వణుకుతుందే తప్ప కాలు లేవదు. 90కి పెంచితే ఇంకో నాలుగుసార్లు లేచి మళ్లీ అంతే. కండ దెబ్బతింటోందా? ఇక్కణ్ణుంచి ఇదే కరెంటుతో సైకిల్ తొక్కించే దాకా ఎలా వెళ్లాలి?

మలక్‌పేట_ఫిజియో
కరెంటు పెంచకండి తమ్ముడూ. కండ పాడవడం లేదు, అలిసిపోతోంది. మామూలుగా మెదడు పని చెప్పినప్పుడు కండలోని పోగులు వంతులవారీగా పనిచేస్తాయి, కొన్ని లాగుతుంటే కొన్ని తీరిక తీసుకుంటాయి. మెషిన్‌కు ఆ వంతులు తెలియవు. ప్యాడ్ కింద ఉన్న అవే పోగుల్ని ప్రతి పల్స్‌కీ ఒకేసారి లాగిస్తుంది. పైగా నెలల తరబడి కదలని కండలో ఓర్పున్న పోగులు తగ్గి, చప్పున అలిసే రకం పెరుగుతుంది. అందుకే పదికే ఆగిపోతోంది.

ముందు ఫ్రీక్వెన్సీ 25 నుంచి 30 హెర్ట్జ్‌కి దించండి. 50 హెర్ట్జ్‌లో ఐదు సెకన్లకు 250 పల్సులు పడతాయి, 25లో 125. కాలు కాస్త మెత్తగా లేస్తుంది, కొంచెం వణుకు కూడా కనబడొచ్చు, ఫర్వాలేదు. ఆఫ్ టైమ్ 15 సెకన్లు చేయండి. కరెంటు మెల్లగా ఎక్కే టైమ్, అంటే ర్యాంప్, 2 సెకన్లు. ర్యాంప్ లేకపోతే కాలు తన్నినట్టు లేస్తుంది, స్పాజమ్ (కండ తనంతట తాను బిగుసుకోవడం) కూడా రేగుతుంది.

ప్యాడ్లు 5×9 సెంటీమీటర్లవి. ఒకటి మోకాటి చిప్పకు నాలుగు వేళ్ల పైన, లోపలివైపు ఉబ్బుగా ఉండే కండ మీద. రెండోది తొడ పైభాగంలో, బయటివైపుకి. సరిగ్గా పడిందా లేదా అన్నది చిప్పను చూస్తే తెలుస్తుంది. కరెంటు మెల్లగా ఎక్కిస్తుంటే కాలు లేవడానికి ముందే చిప్ప తిన్నగా పైకి జరగాలి. పక్కకి లాగినట్టు జరిగితే ఒకవైపు కండే పనిచేస్తోందని అర్థం, ప్యాడ్‌ని ఒక సెంటీమీటరు జరిపి మళ్లీ చూడండి. సరైన చోటు దొరికాక స్కిన్ మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. చోటు కుదిరితే అదే కదలికకు పది, పదిహేను మిల్లీయాంప్స్ తక్కువ సరిపోతుంది.

మొదటి వారం కాలికి 10 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. కాలు పూర్తిగా చాపడం సగానికి తగ్గిందంటే ఆ రోజుకి ఆపేయాలి. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. 30 నిమిషాలు నిలకడగా వచ్చాక చీలమండకు అర కిలో బరువు కట్టొచ్చు. కానీ డెక్సా స్కాన్ (ఎముక గట్టిదనం చూసేది) చేయించకుండా బరువు కట్టకండి. ఎముక పలచబడి ఉంటుంది, ముఖ్యంగా మోకాలికి పైనా కిందా. స్పర్శ లేదు కాబట్టి విరిగినా నొప్పి తెలియదు, వాపు, వేడి మాత్రమే కనిపిస్తాయి. కాలు లేచేటప్పుడు పాదానికి ఏదీ అడ్డం పెట్టకండి.

కోఠీ_సర్క్యూట్
మెషిన్ సంగతి నేను చెప్తా. డయల్ మీద 60 అని ఉన్నంత మాత్రాన 60 మిల్లీయాంప్స్ పోతున్నట్టు కాదు. చవక మెషిన్లలో అది ఉత్త అంకె. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక 1 కిలో ఓమ్, ఒక 500 ఓమ్ రెసిస్టర్ దొరుకుతయి, రెండు వాట్లవి తీసుకోండి. లీడ్ల మధ్య 1 కిలో ఓమ్ పెట్టి స్కోప్‌లో (పల్స్ ఆకారం చూపెట్టే ఆసిలోస్కోప్) చూస్తే 60 మిల్లీయాంప్స్‌కు 60 వోల్టుల ఎత్తు రావాలె. 500 ఓమ్ పెడితే ఎత్తు సగం, 30 అయితే కరెంటు కంట్రోల్ మెషినే. ఎత్తు మారకుంటే వోల్టేజి మెషిన్, ప్యాడ్ తడి ఆరిన కొద్దీ మీ కండకు పోయేది తగ్గిపోతది.

ఇంకోటి, పల్స్ జీరో గీతకు పైన ఎంతుందో కింద కూడా అంతే ఏరియా ఉండాలె. ఒకే దిక్కు పోయే కరెంటు అయితే ఒక ప్యాడ్ కింద యాసిడ్, ఇంకో ప్యాడ్ కింద క్షారం పుట్టి చర్మం కాలుతది. మనిషికి మంట తెల్వదు. ఇంట్ల 555 ఐసీ (చవక టైమర్ చిప్) తోటి మెషిన్ తయారు చేసుకునుడు అస్సలొద్దు అన్నా. బ్యాటరీ మీదనే నడపండి, చార్జర్ పెట్టి మాత్రం కాలికి తగిలించొద్దు.

వార్డు_అక్క
చర్మం గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు. 45 చదరపు సెంటీమీటర్ల ప్యాడ్ సగం లేచిపోతే అదే కరెంటు సగం చోటులోంచి పోతుంది, ఆ అంచు దగ్గరే కాలుతుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో చెమటకి, దుమ్ముకి జిగురు చప్పున పోతుంది. పెట్టే ముందు సబ్బు నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, నూనె, పౌడర్ వద్దు. వెంట్రుకలు కత్తెరతో కత్తిరించండి, రేజర్ వద్దు. వాడాక రెండు చుక్కల నీళ్లు రాసి, ప్లాస్టిక్ షీట్‌కి అంటించి, జిప్ కవర్‌లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. అంచులు లేవడం మొదలైన రోజే మార్చేయండి, టేపు వేసి నెట్టుకురాకండి. ఒకరి ప్యాడ్ ఇంకొకరికి వద్దు.

తీసిన వెంటనే చర్మం గులాబీ రంగులో ఉండటం సహజం. మర్నాటికి కూడా ఎరుపు పోకపోతే, లేదా చిన్న చుక్కల్లా గట్టిపడితే, మానేదాకా ఆ చోట పెట్టకూడదు.

డీ6, ఆ పైన దెబ్బ ఉన్నవాళ్లకి అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా, అంటే బీపీ ఒక్కసారిగా పెరిగిపోవడం, రావచ్చు. తల పగిలేంత నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బకి పైభాగంలో చెమట, బీపీ ఎప్పటికన్నా 20, 40 పెరగడం. మెషిన్ ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులు వదులు చేసి, మూత్రం పైపు మడత పడిందేమో చూడండి. తగ్గకపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. అసలు మొదలుపెట్టే ముందే మూత్రాశయం ఖాళీ చేయించడం మంచిది. ఒక కాలి పిక్కలోనే వాపు, వేడి ఉంటే కండకి కరెంటు పెట్టకండి, గడ్డ కట్టిన రక్తం ఉండొచ్చు, ముందు డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ చెప్పకుండా మెషిన్ జోలికే పోవద్దు.

ఉప్పల్_డీ12
మాకు దెబ్బ డీ12 ఎముక దగ్గర. 100 దాకా పెంచినా తొడ కదలట్లేదు. ప్యాడ్ చోటు తప్పా?

మలక్‌పేట_ఫిజియో
చోటు తప్పు కాకపోవచ్చు అండి. ఎముక నంబరూ, వెన్నుపాము నంబరూ ఒకటి కాదు. వెన్నుపాము నడుము కింది దాకా రాదు, నడుము మొదట్లోని ఎల్1, ఎల్2 ఎముకల దగ్గరే ముగుస్తుంది. తొడకి పోయే నరాల మొదళ్లు డీ12 ఎముక దగ్గరే ఉంటాయి, అక్కడే దెబ్బ తగిలితే ఆ నరాలే చచ్చిపోతాయి. ఈ మెషిన్ ప్రేరేపించేది కండను కాదు, కండకి పోయే నరాన్ని. నరం లేకపోతే 300 మైక్రోసెకన్ల పల్స్‌కి కండ పలకదు. మోకాటి రిఫ్లెక్స్ లేకపోవడం, కాలు వదులుగా వేలాడటం, స్పాజమ్స్ లేకపోవడం ఇవన్నీ గుర్తులు. 100 మిల్లీసెకన్ల పొడుగు పల్స్‌కి కండ వానపాములా మెల్లగా కదిలితే ఖాయం. దానికి వేరే మెషిన్, వేరే పద్ధతి, ఇంట్లో చేసేది కాదు. 130, 140కి పెంచి చూడకండి, చర్మం పోతుంది. ఫిజికల్ మెడిసిన్ డాక్టర్‌కి చూపించి ఈఎంజీ (నరం, కండ పనితీరు చూసే పరీక్ష) చేయించండి.

నాగోల్ తమ్ముడి అన్నగారికి కాలు లేస్తోందంటేనే కింది నరం బాగుందని అర్థం. సగం పని అయినట్టే.

ఆరు_చానళ్ల_సైకిల్
సైకిల్ సంగతి. క్వాడ్స్ (తొడ ముందు కండ), హ్యామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండ), పిరుదులు, రెండు కాళ్లకీ కలిపి ఆరు చానళ్లు. రెండు చానళ్ల మెషిన్‌తో కాదు. పెడల్ ఏ కోణంలో ఉందో సెన్సర్ చెప్తేనే ఏ కండ ఎప్పుడన్నది నడుస్తుంది. అందరూ తడబడేది ఇక్కడే: కరెంటు తగిలాక కండ బలం పుంజుకోడానికి సుమారు 100 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 50 చుట్లలో పెడల్ సెకనుకి 300 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఆ కాసేపట్లో 30 డిగ్రీలు దాటిపోతుంది. కాబట్టి స్విచ్చింగ్, అంటే కరెంటు ఆన్, ఆఫ్ అవడం, 30 డిగ్రీలు ముందే జరిగేట్టు పెట్టాలి. 35 చుట్లయితే 21 డిగ్రీలు చాలు. అలా పెట్టకపోతే క్వాడ్స్ పెడల్ కిందికి వెళ్లాక తోస్తాయి, మోకాలు అదురుతుంది, ఎంత కరెంటు ఇచ్చినా వాట్లు రావు.

మొదట మోటార్ తిప్పుతుండగా రెండు నిమిషాలు వార్మప్, ఆపైన కరెంటు. కాళ్లు అలిసి చుట్లు 35 కన్నా పడిపోతే మోటార్ అందుకోవాలి. వారానికి మూడు రోజులు. పాదానికి పిక్క దాకా గట్టి బూటు ఉండాలి, మోకాలు పక్కకి వాలకుండా.

నాగోల్_తమ్ముడు
27 హెర్ట్జ్, 15 సెకన్ల ఆఫ్ పెట్టాం. ప్యాడ్ లోపలికి జరిపితే 48లోనే చిప్ప తిన్నగా లేస్తోంది. ఈరోజు 22 సార్లు. నిలబెట్టడం ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

మలక్‌పేట_ఫిజియో
చాలా సంతోషం. నిలబడటం సైకిల్ కన్నా కష్టం, తొడలు నిమిషాలపాటు విడుపు లేకుండా లాగాలి. కూర్చుని 30 నిమిషాలు వచ్చి, డెక్సా చూశాక, మోకాళ్లకి కట్లు కట్టి, రెండు పక్కలా కడ్డీలున్న చోట, ఇద్దరు మనుషులు పట్టుకునేట్టుగా మొదలుపెట్టాలి. మొదటిసారి నిలబడగానే బీపీ పడిపోవచ్చు, ఒక నిమిషానికే కూర్చోబెట్టండి. ఇంట్లో మంచం పట్టుకుని మాత్రం వద్దు తమ్ముడూ.