పాత వైన్ల విందులో నాటుకోడి పులుసు ఉండవచ్చా?

నీవానది:
గత నెల చిత్తూరులో ఒక మిత్రుడి ఇంట్లో విందు జరిగింది. ఏళ్ల తరబడి దాచిన వైన్లను వరుసగా రుచి చూడాలన్నది ఉద్దేశం. మొదట జర్మనీలోని మోజెల్ లోయ తెల్ల వైన్ రీస్లింగ్ 2007, తరువాత స్పెయిన్ నుంచి రియోహా గ్రాన్ రిజర్వా 2004, ఆపైన ఇటలీ బరోలో 2006, చివరికి పోర్చుగల్ దీవి వైన్ మదీరా. రీస్లింగ్ నుంచి బరోలో దాకా మూడింటినీ బెంగళూరులో 13 డిగ్రీల అలమారలో పెట్టి కాపాడాను.

బల్ల మీద వడ్డించినవి రాగి సంగటి, నాటుకోడి పులుసు, వేరుశనగ ఊరుబిండి. బరోలో వంతు వచ్చేసరికి అందరి నోళ్లూ మండుతున్నాయి. కారం తిన్న నోటికి మద్యం మంటను పెంచుతుంది, ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే టానిన్ వగరు చేదుగా తగులుతుంది. పాత బరోలోలో ఎండిన గులాబీ, తారు కలిసినట్టుండే వాసన ఉంటుంది. ఆ వాసన కోసమే కదా అన్నేళ్లు ఆగేది! ఆ రాత్రి అది ఎవరికీ అందలేదు. పాత సీసాలు తెరిచే రోజున కారం వంట ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

తోతాపురి:
సంగటికి మజ్జిగ ఉండగా వైన్ ఎందుకు?

రాగిముద్ద:
కారణం చెబుతాను. మీ వాదన రీస్లింగ్ దగ్గరే వీగిపోతుంది. మోజెల్ రీస్లింగ్‌లో కొంచెం తీపి, మంచి పులుపు, తక్కువ మద్యం ఉంటాయి. మిరప కారానికి అంతకంటే సరిపోయే వైన్ అరుదు. పాతబడే కొద్దీ దానికి కిరోసిన్ లాంటి వాసన కూడా వస్తుంది, అది లోపం కాదు. ఆ గ్లాసు పులుసుతో బాగుందా లేదా? దాని గురించి ఒక్క మాట రాయలేదు మీరు.

ఇక బరోలో. దాన్ని చేసే నెబ్బియోలో ద్రాక్షలో పులుపు ఎక్కువ, చింతపండు పులుసుకు అది తట్టుకుని నిలబడుతుంది. ఆ సీసా చెడింది కారం వల్ల కాదు, మడ్డి వల్ల. పాత ఎర్ర వైన్‌లో టానిన్లు, రంగు పదార్థాలు కలిసి బరువెక్కి అడుగుకు దిగుతాయి. అలాంటి సీసాను ప్రయాణం తరువాత కనీసం ఒకటి రెండు రోజులు నిలబెట్టి కదపకుండా ఉంచాలి. అదే ఉదయం కారులో మొగిలి ఘాట్ మలుపులన్నీ తిప్పి తెచ్చి, సాయంత్రానికి బిరడా తీస్తే గ్లాసులోకి వచ్చేది మడ్డే. పైగా రెండు గంటలు గాజు కూజాలో పోసి ఉంచారు. ముసలి వైన్‌కు అంత గాలి తగిలితే ఉన్న వాసన కూడా పోతుంది.

స్వర్ణముఖి:
నేను తిరుపతిలో ఉంటాను. కొండ మీద మద్యం నిషేధం, మా ఇంట్లో కూడా సీసా అడుగు పెట్టదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లినప్పుడు మా పెద్దమ్మ కూడా వాళ్లను చూసి మా ఊళ్లో నిలబడింది. 1995లో నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. మా పెదనాన్న మళ్లీ మొదలుపెట్టాడు. వైన్ వేరు, సారా వేరు అని నాకు చెప్పకండి. తాగుడుకు పాతదనం ఒక గౌరవం ఎలా అవుతుంది?

నీవానది:
రెండు గంటలు కాదు, నలభై నిమిషాలు. కూజాలో పోసింది మడ్డిని వేరు చేయడానికే. కింద దీపం పెట్టి, సీసా మెడలోకి మడ్డి రాగానే ఆపేశాను. ఇంత జాగ్రత్త తీసుకున్నవాడిని తప్పుపట్టే ముందు ఆలోచించాలి.

చట్టం ప్రకారమే బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచి గానీ అమ్మరు. గ్రాన్ రిజర్వాకైతే 60 నెలలు. చేసినవాడు అంత ఓపిక పడితే, తాగేవాడు ఒక్క పూట కారం మానలేడా?

సరే, సీసాలు అదే ఉదయం కారులో వచ్చాయని నేను ఎక్కడా రాయలేదు. మీకెలా తెలుసు?

తోతాపురి:
అదే నేనూ అడగబోయాను.

రాగిముద్ద:
ఎలా తెలుసంటే మా ఇంటి గేటు తీసింది నేనే కాబట్టి. నలభై నిమిషాలని ఇక్కడ రాయడం సులువు. ఏడు గంటలకు పోశావు, తొమ్మిదికి తాగాం. గోడ గడియారం నీ ఎదురుగానే ఉంది.

ఇప్పుడు నువ్వు అని రాస్తున్నాను, తప్పదు. ఆ పులుసు మా అమ్మ వండింది. మసాలా చేత్తో నూరింది, నువ్వు వస్తున్నావని ముక్కలు పెద్దవి కొట్టించింది. నువ్వు కంచం పక్కకు జరిపి, "దీనితో వైన్ చచ్చిపోయింది" అన్నావు. అమ్మ గుమ్మం దగ్గరే ఉంది. ఇప్పుడు అదే మాటను ప్రశ్నగా మార్చి ఊరందరినీ తీర్పు అడుగుతున్నావు.

నీవానది:
వారం ముందే ఫోనులో చెప్పాను, మిరియాల వేపుడు చాలు, లేదంటే కొబ్బరి పాల కుర్మా చేయించమని. "సరే" అన్నావు. అమ్మ వంటను నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు, మీ ఇంట్లో తిని పెరిగినవాడిని. పులుసు రుచి మీద నాకు ఏ మాటా లేదు. వేళ మీదే ఉంది. మరో రోజైతే మూడు ముద్దలు తినేవాడిని.

స్వర్ణముఖి:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

రాగిముద్ద:
వేపుడు కూడా చేసింది. నువ్వు దాని వంక చూడలేదు.

వేళ సంగతి కూడా చెబుతాను. ఆ సీసాలు కొన్నది అయిదుగురం, సమానంగా డబ్బు వేసుకుని. అలమార నీది, కరెంటు బిల్లు నీది, కాదనను. వైన్ మాత్రం అయిదుగురిది. ఏ రాత్రి తెరవాలో, ఏ వరుసలో తాగాలో, పక్కన ఏం తినాలో, చివరికి బాగుందో లేదో కూడా నువ్వే తేల్చావు. మిగతా నలుగురం నీ విందుకు వచ్చిన అతిథుల్లా కూర్చున్నాం, మా ఇంట్లోనే. కారం గురించి నాకు పట్టింపు లేదు. ఇది పట్టింపు.

నీవానది:
అయితే అన్నేళ్లలో ఒక్కసారైనా అడిగారా, ఆ సీసాలు ఎలా ఉన్నాయని? అలమార కంప్రెసర్ రెండుసార్లు పాడైంది, మార్పించింది నేను. మే నెలలో చిత్తూరు ఎండలో ఉంచి ఉంటే బిరడాలు పైకి తన్నుకొచ్చి, లోపల వైన్ ఉడికిన జామ్ అయ్యేది. కాపాడినవాడికి ఒక మాట ఎక్కువ ఉండదా?

పులిచెర్ల:
ఆ అయిదుగురిలో నేనొకడిని. ఇద్దరూ మా అందరి తరఫున మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ రాత్రి నాకు అన్నిటికన్నా నచ్చింది రియోహా, అదీ పులుసులో ముంచిన సంగటితోనే. పీపాలో నానిన ఆ తియ్యటి వాసన, కోడి కొవ్వు, రెండూ బాగా కలిశాయి. నన్ను ఎవరూ అడగలేదు. నాకు వైన్ తెలియదని మీ ఇద్దరి ఉద్దేశం.

ఇంకొకటి. మదీరా అలమారలో లేదు. అది మొదటి నుంచీ ఇక్కడే బీరువాలో, ప్రతి వేసవినీ చూస్తూ ఉంది. అది బాగుందని అందరూ ఒప్పుకున్నారు.

నీవానది:
మదీరా వేరు. తయారీలోనే దాన్ని నెలల తరబడి 45 నుంచి 50 డిగ్రీల వేడిలో ఉంచుతారు, లేదా ఎండ తగిలే అటకల్లో పీపాలతో ఏళ్లపాటు వదిలేస్తారు. వెనకటికి ఓడల్లో ఉష్ణమండలం దాటి వచ్చిన పీపాలు రుచెక్కాయని గమనించే ఆ పద్ధతి పుట్టింది. ఇక ఎండ దాన్ని ఏం చేస్తుంది? దాన్ని చూపించి బరోలోను బీరువాలో పెట్టమంటే కుదరదు.

పులిచెర్లా, నిన్ను అడగాల్సింది. అడుగుతాను కూడా.

రాగిముద్ద:
మిగిలింది ఒక్క బరోలో. దాన్ని ఎప్పుడు, ఎక్కడ తెరవాలో అయిదుగురం ఓటు వేద్దాం. సీసా రెండు రోజుల ముందే ఇక్కడికి రావాలి, నిలబడి ఉండాలి. మడ్డి విషయంలో నేను వెనక్కి తగ్గను.

స్వర్ణముఖి:
ఓటు వేసేటప్పుడు ఇంట్లో వండే ఆడవాళ్లకు కూడా ఒకటి ఇవ్వండి.

రాగిముద్ద:
అమ్మకు ఓటు ఉంది.

నీవానది:
సరే, రెండు రోజుల ముందు తెస్తాను. ఏం వండాలో అమ్మ ఇష్టం. మొదటి గ్లాసు మాత్రం భోజనానికి ముందు, ఖాళీ నోటితో. ఆ ఒక్క విషయంలో ఓటు లేదు.

రాగిముద్ద:
ఉంది.