బేబీ షాపు ఈవెంట్లో మన పని గురించి ఎలా చెప్పాలి? మీ అనుభవాలు రాయండి

పద్మావతీపురం_అక్క:
తిరుపతిలో గర్భిణులకు ప్రసవం గురించి క్లాసులు చెప్తాను, పాలు పట్టడంలో ఇబ్బంది పడే బాలింతల ఇళ్లకు వెళ్లి దగ్గరుండి చూపిస్తాను. ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు కదా, ఆ ఆదివారం మా షాపులో ఈవెంట్ పెడుతున్నాం, మీరొచ్చి మాట్లాడండి, మీ కార్డులు కూడా పెట్టుకోండి అని ఒక బేబీ షాపు వాళ్లు పిలిచారు. సంతోషమే, కానీ భయంగా ఉంది. పోయినేడాది ఇంకో చోట ఇలాగే పిలిస్తే వెళ్లి మైకు పట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాను. ముర్రుపాలు, మొదటి గంటలోనే రొమ్ముకు పెట్టడం, ఆరు నెలల దాకా నీళ్లు కూడా పట్టకుండా తల్లిపాలే ఇవ్వడం, అన్నీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. రెండొందల కరపత్రాలు పంచితే ఒక్క ఫోన్ కూడా రాలేదు, వచ్చేటప్పుడు మెట్ల మీద పడున్నవి ఏరుకుంటుంటే ఏడుపొచ్చింది. డబ్బుల గురించి కాదు. ఆ వారమే మా వీధిలో ఒకమ్మాయి పాలు గడ్డకట్టి జ్వరంతో నాలుగు రోజులు అల్లాడిపోయిందట, నేను రెండిళ్ల అవతలే ఉన్నానని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇలాంటివి చేసిన వాళ్లెవరైనా ఉంటే ఏం పనిచేసిందో చెప్పండి.

చిత్తూరు_షాపు:
అక్కా, నేను షాపు వైపు నుంచి చెప్తా. మన దగ్గర బిడ్డ పుట్టకముందు గుడ్డముక్క కూడా కొననివ్వరు పెద్దవాళ్లు. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ పురిటికి పుట్టింటికి వచ్చిన వాళ్లు కొందరు ముందే వచ్చి చూసుకుంటారు, అంతే. కాన్పయ్యాక బాలింత గడప దాటదు. ఇక మా షాపుకు వచ్చేదెవరు? నాన్న, అమ్మమ్మ, మేనత్త. రెండో రోజో మూడో రోజో ఆస్పత్రి నుంచి నేరుగా వస్తారు, చేతిలో మందుల కవరు అలాగే ఉంటుంది, "చిన్న పాలసీసా ఒకటి ఇవ్వండి" అంటారు. ఈవెంట్ రోజు కూడా అంతే, బారసాలకు గౌను చూద్దామని వచ్చి కుర్చీలు కనిపిస్తే కూర్చుంటారు. మీరు తల్లికి చెప్పాల్సినవి చెప్పారు, కానీ మీ ఎదురుగా ఉన్నది తల్లి కాదు.

కాళహస్తి_నర్సు:
అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఆ మూడో రోజే అసలు సంగతి ఉంది. పాలు బాగా దిగేది మామూలుగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య, ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అప్పటిదాకా వచ్చేవి ముర్రుపాలు, కొంచెమే ఉంటాయి, మొదటి రోజు బిడ్డకు ఒక్కోసారికి ఒక టీస్పూను చాలు. కానీ బిడ్డ ఏడుస్తుంటే ఎవరు ఆగుతారు, "పాలు పడలేదు" అని తేల్చేసి నాన్నను షాపుకు తోలుతారు. అందుకని మీరు స్టేజీ ఎక్కకండి, పాలసీసాలు పెట్టే అర పక్కన చిన్న టేబుల్ వేయించుకోండి. సీసా అడిగిన వాళ్లను ముందు ఒక్కటే అడగండి: "నిన్నటి నుంచి బిడ్డ ఎన్నిసార్లు ఉచ్చ పోసింది?" మూడో రోజుకు మూడు నాలుగు సార్లు, వారం వచ్చేసరికి రోజుకు ఆరుకు తగ్గకుండా పోస్తుంటే పాలు అందుతున్నట్టే. అంతకన్నా బాగా తక్కువగా ఉన్నా, బిడ్డ మత్తుగా పడుండి పాలకు లేవకపోయినా, కార్డులూ మాటలూ పక్కన పెట్టి వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి పంపండి. ఇది మాత్రం మర్చిపోవద్దమ్మా.

పలమనేరు_నాన్న:
అలా సీసా కోసం పరిగెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను. మా పాప పుట్టిన మూడో రోజు రాత్రి ఎనిమిదిన్నరకు తిరుపతిలో ఒక షాపుకు వెళ్తే అక్కడ ఒకామె ఇలాగే టేబుల్ వేసుకుని ఉంది. నాకు ఏమీ ఉపన్యాసం చెప్పలేదు. గుడ్డబొమ్మ ఒకటి నా చేతిలో పెట్టి, బిడ్డను మీ ఆవిడ ఎలా పట్టుకుంటుందో చూపించండి అంది. చూపించాను. బొమ్మ తల ఒకవైపు, ఒళ్లు ఒకవైపు ఉంది. ఆమె దాని పొట్టను నా పొట్టకు ఆనించి, తల కొంచెం వెనక్కి వాలేలా మెడ కింద నా బొటనవేలు సర్ది, "నోరు పెద్దగా తెరిచాకే పెట్టాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి, ఊరికే మొన పట్టుకుంటే పగుళ్లు వస్తాయి" అంది. మా ఆవిడకు అప్పటికే రక్తం వస్తోంది, పాలిచ్చే టైమ్ అయితే భయపడి దుప్పటి పట్టుకునేది. ఆ రాత్రి సీసా కొనలేదు, పొద్దున్నే ఆమె ఇంటికొచ్చింది. ఫీజు ఎంతో షాపులోనే చెప్పింది, అది కూడా నచ్చింది, లేకపోతే ఎంత అడుగుతారో అని పిలవడానికే వెనకాడేవాణ్ని. ఆ బొమ్మ చేతిలో పెట్టకపోతే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

రేణిగుంట_డౌలా:
ఈవెంట్‌కు డబ్బులు ఎవరు పెడుతున్నారో ముందే అడగండి. నేను అడక్కుండా వెళ్లాను ఒకసారి, నా వెనకాల బ్యానర్ మీద పాలసీసా బొమ్మ, కింద ఆఫర్. సగంలో దిగి వచ్చేశాను. 1992లో వచ్చిన చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. రెండేళ్ల లోపు పిల్లల డబ్బాపాలకు, డబ్బా ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, శాంపిల్స్ పంచకూడదు, కొనిపించడానికి గిఫ్టులు, ఆఫర్లు ఆశ పెట్టకూడదు. డబ్బాపాల డబ్బా మీద బిడ్డ బొమ్మ కూడా వేయకూడదు. అమ్ముకోవడం తప్పు కాదు, ఊదరగొట్టడమే తప్పు. కాబట్టి మీ కార్డు సీసాతో కలిపి గిఫ్ట్ కవర్లో వేస్తామంటే ఒప్పుకోకండి.

ఇంకొకటి, కాన్పు సమయంలో తోడుండే పని గురించి చెప్పేటప్పుడు ఏ ఆస్పత్రినీ తక్కువ చేసి మాట్లాడొద్దు. నేను మంత్రసానిని కాదు, కాన్పు చేయను, నొప్పులప్పుడు నడుము నిమురుతూ పక్కనుంటాను అని మొదటే చెప్తాను. అలా చెప్పిన తర్వాతే అత్తగార్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

చిత్తూరు_షాపు:
ఈ చట్టం సంగతి నాకూ రెండేళ్ల కిందటే తెలిసింది. అప్పటిదాకా డిస్ట్రిబ్యూటర్ ఏ పోస్టర్ ఇస్తే అది అంటించాం. అలాంటి వాటికి ఇప్పుడు వద్దని చెప్తున్నా.

పుత్తూరు_శ్రీ:
అందరూ మంచి మాటలే రాశారు కానీ ఒకటి అడుగుతా. నాకు కవలలు, నెల తక్కువ పుట్టారు, పాలు చాలక డాక్టర్ చెప్తేనే డబ్బాపాలు కలిపి పెట్టాను. ఒక ఈవెంట్లో మాట్లాడినామె "తల్లయ్యాక పాలివ్వకపోవడమేంటి" అంది. మా ఆయన పక్కనే ఉన్నాడు. నేను లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. దయచేసి మీలో ఎవరూ ఆ మాట అనకండి. నాలాంటిది కూడా మీ టేబుల్ దగ్గరికి రావాలి కదా.

మంగళం_అమ్మమ్మ:
మా అమ్మాయి ఫోన్ నుంచి రాస్తున్నా. ముసలివాళ్లదే తప్పు అన్నట్టు మాట్లాడితే మేం వినం తల్లీ. మా కాలంలో ముర్రుపాలు పిండి పారబోశాం, నాలుక మీద తేనె రాశాం, మంచిదనుకునే చేశాం. ఏడాది లోపు తేనె పెట్టకూడదని నాకు మా మనవడప్పుడు ఒక నర్సమ్మ పక్కన కూర్చుని చెప్పింది, విన్నాను. బాలింతకు పథ్యం ఏం పెడుతున్నారని మమ్మల్ని ముందు అడగండి. తర్వాత మీరు చెప్పేది చెప్పండి.

పద్మావతీపురం_అక్క:
ఆదివారం అయిపోయింది, రాద్దామని కూర్చున్నా. మైకు వద్దన్నాను, సీసాల అర పక్కనే టేబుల్ వేశారు. బ్యానర్ ముందే చూపించమన్నాను. మూడు గంటల్లో పదకొండు మందితో మాట్లాడాను, అందులో బాలింత ఒక్కరే. శ్రీ గారూ, మీ మాట గుర్తు పెట్టుకుని ఎవరినీ "ఏం పాలిస్తున్నారు" అని అడగలేదు, "బిడ్డ ఎలా ఉంది, మీరు నిద్రపోతున్నారా" అని అడిగాను. కొర్లగుంట నుంచి ఒక పెద్దావిడ అయిదో రోజు బిడ్డకు సీసా కోసం వచ్చారు. పథ్యంతో మొదలుపెట్టాను, వెల్లుల్లి కారం, పొట్టుతీసిన పెసరపప్పు అని పావుగంట చెప్పారు. తర్వాత ఉచ్చ లెక్క అడిగితే ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నారు, పొద్దుటి నుంచి నాలుగు సార్లు. ఆమె బొమ్మను తీసుకుని తన ఒళ్లో పడుకోబెట్టుకుని, "మా పిల్ల ఇలా వంగిపోయి ఇస్తోందమ్మా, నడుం నొప్పంటోంది" అన్నారు. దిండ్లు ఎలా పెట్టాలో చూపించాను. సీసా కొనుక్కునే వెళ్లారు, నేను వద్దనలేదు. రాత్రి ఆమె కూతురు ఫోన్ చేసింది, రేపు మధ్యాహ్నం వెళ్తున్నా. ఇంకో ఇద్దరు ప్రసవం క్లాసుకు పేర్లు ఇచ్చారు.

బొమ్మ మాత్రం మెడ దగ్గర కుట్లు ఊడిపోయింది, అంతమంది పట్టుకున్నారు. కాస్త బరువున్నది ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?

చిత్తూరు_షాపు:
మూడు కేజీల బరువుండేలా ఇసుక నింపి మా టైలర్‌తో కుట్టిస్తా అక్కా. తిరుపతి బస్సుకు వేస్తా, బస్టాండులో తీసుకోండి.