తుంటి మార్పిడి అయ్యి 11 వారాలు, అమ్మ ఇంకా కుంటుతోంది

అందరికీ నమస్కారం. మా అమ్మకి 64 ఏళ్లు. కుడి తుంటి కీలు మార్చి 11 వారాలైంది. ఎక్స్‌రే బాగుందన్నారు, కుట్లు మానిపోయాయి. వాకర్ వదిలి చేతికర్రకి వచ్చింది. కానీ కర్ర లేకుండా నాలుగడుగులు వేస్తే చాలు, కుడికాలి మీద బరువు పడగానే ఒళ్లంతా ఆ పక్కకి ఒరిగిపోతోంది. తుంటి పక్క కండరాలు ఇంకా బలం పుంజుకోలేదని, కర్ర ఎడమ చేత్తోనే పట్టుకోవాలని ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఎడమవైపు పడుకుని కుడికాలు పైకెత్తే వ్యాయామం రెండుపూటలా చేయిస్తున్నాను. పదిసార్లు అయ్యేసరికి పెదవి కొరుక్కుంటుంది పాపం.

రాత్రిళ్లు మరీ కష్టం. కాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకున్నా రెండింటికల్లా తొడ పక్కన సలుపుతో లేచి కూర్చుంటుంది. ఐస్ పెడితే కాసేపు ఊరట. "ఒక కాలు పొడుగైనట్టుందే" అని కూడా అంటోంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయివుంటే దయచేసి చెప్పండి. కుంటడం ఎన్నాళ్లకి తగ్గింది? కర్ర ఎప్పుడు వదిలారు? కాలు పొడుగైనట్టు అనిపించడం దానంతటదే పోయిందా? రాత్రి నొప్పికి ఏం చేశారు? వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, అక్కడ ఏమేం అడగాలో చెప్పినా మేలు చేసినవాళ్లవుతారు.